మూలము, టీక, పనిముట్టు: యంత్రగర్భ ఆపరేటింగ్ సిస్టముల శిక్షణ గ్రంథములపై విమర్శ

బెంగుళూరు, చెన్నపట్టణము, షోలాపురము మొదలగు పట్టణములందు తరతరములుగ స్థిరపడిన తెలుగు కుటుంబములకు ఒకనాడు వర్తకము, నేత, రైల్వే కొలువు, బడిపంతులు పని జీవనాధారములుగ నుండెను. ఆ యిండ్ల బిడ్డలు పలువురు నేడు యంత్రముల గర్భమున నుండు చిన్న కంప్యూటర్లకు ప్రోగ్రాములు వ్రాయు వృత్తిలో ప్రవేశించియున్నారు. పెద్దలు "మావాడు కంప్యూటరు పనిలో నున్నాడు" అని సంతోషించి ఊరకొందురు. ఆ పని యెట్టిది, దానిని వారు ఏ గ్రంథముల వలన నేర్చుకొనుచున్నారు, ఆ గ్రంథముల గుణదోషములేవి అను విచారణ మాత్రము సాహిత్య సభలలో వినబడదు. సాంకేతిక గ్రంథమునకు విమర్శ యేల యని కొందరు తలంచుట దీనికి కారణము కావచ్చును. కాని బోధించుటకై వ్రాయబడిన ప్రతి గ్రంథమునకు ఒక రచనాపద్ధతి, ఒక పాఠకుని యూహ, ఒక యౌచిత్యము ఉండక తప్పదు. అవి యున్నచోట విమర్శకు తావున్నది.

ముందుగా విషయమును విశదపరచుట యవసరము. మోటారుకారు బ్రేకులో, విద్యుత్తు మీటరులో, బట్టలుతుకు యంత్రములో, హృదయ స్పందనమును సరిదిద్దు పరికరములో చిన్న ప్రాసెసరొకటి అమర్చబడియుండును. దాని కొకే సమయమున పెక్కు పనులు. చక్రము వేగమును కొలువవలెను, పెడలు అదుమబడినదా యని చూడవలెను, దీపము వెలిగింపవలెను, మరియొక పరికరముతో సమాచారము మార్చుకొనవలెను. ఈ పనులకు కాలమును పంచియిచ్చి, వేనిని ముందు నడపవలెనో వేనిని ఆపవలెనో నిర్ణయించు మూల ప్రోగ్రామే ఎంబెడెడ్ ఆపరేటింగ్ సిస్టము. అందలి అంతర్భాగమునకు కెర్నెల్ అని పేరు. ఇంటిలోని కంప్యూటరు అరక్షణము ఆలసించిన విసుగు కలుగును. బ్రేకు అరక్షణము ఆలసించిన ప్రాణము పోవును. కావున ఈ విద్యలో "సరియైన సమాధానము" అనగా సకాలమున వచ్చిన సరియైన సమాధానమని యర్థము.

ఇట్టి కెర్నెళ్లను నిర్మింపగల వారిని తయారుచేయుటకై గత అర్ధశతాబ్దమున వెలువడిన గ్రంథములు స్థూలముగ రెండు జాతులు. మూలమును, అనగా ప్రోగ్రాము పాఠమును, సమగ్రముగ ముద్రించి పంక్తి పంక్తికి టీక వ్రాసినవి మొదటి జాతి. సిస్టమును మూసిన పెట్టెగ నుంచి, దానికి బయటినుండి ఎట్లు ఆజ్ఞలీయవలెనో, ఏ పనిముట్టుతో ఎట్లు పరీక్షింపవలెనో చెప్పునవి రెండవ జాతి. నేటి శిక్షణలో రెండవదే రాజ్యమేలుచున్నది. ఇది లాభమా నష్టమా యను ప్రశ్న సామాన్యమైనది కాదు.

మొదటి జాతికి ఆద్యుడు జాన్ లయన్స్. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్సు విశ్వవిద్యాలయమున అధ్యాపకుడుగ నుండి, అతడు 1976-77 సంవత్సరములలో విద్యార్థుల కొరకు రెండు పుస్తకములను సిద్ధపరచెను. ఒకదానిలో యూనిక్సు ఆరవ కూర్పు యొక్క మూలము, సుమారు 9,000 పంక్తులు, వరుస సంఖ్యలతో ముద్రితమైనది. రెండవదానిలో దాని వ్యాఖ్య. శ్లోకసంఖ్యను బట్టి టీకను వెదకుకొనుటకు అలవాటుపడిన మన పాఠకులకు ఈ కూర్పు క్రొత్తగ తోపదు. మెదకు సీమలోని కొలిచాలము వాడైన మల్లినాథసూరి కాళిదాసాది కావ్యములకు వ్యాఖ్య వ్రాయుచు, మూలమున లేనిది వ్రాయననియు అనవసరమైనది పలుకననియు నియమము పెట్టుకొనెను. లయన్సు వ్యాఖ్య ఆ నియమమునకు దూరమైనది కాదు. అతడు పొగడడు, తెగడడు. ఈ పంక్తి ఏమి చేయుచున్నది, ఎందుకు ఇక్కడనే యున్నది, దీనిని తొలగించిన ఏమగును అని చెప్పి ముందుకు పోవును. ఒక వ్యక్తి పూర్తిగ గ్రహించి పోషింపగల ప్రోగ్రామునకు సుమారు 10,000 పంక్తులు హద్దు అని అతని యభిప్రాయము. పుస్తకము యొక్క శక్తి యంతయు ఆ హద్దులోనే యున్నది. విద్యార్థి ఆదినుండి అంతము వరకు చదివి, "ఇక దాగినది లేదు" అని చెప్పుకొనగలడు.

ఆ మూలమున ఒకచోట, ఒక పని నుండి వేరొక పనికి ప్రాసెసరును మార్చు ఘట్టమున, పాఠకునికిది బోధపడవలెనని తాము ఆశించుటలేదను భావమున రచయితలే ఒక చిన్న మాట వ్రాసియుంచిరి. అది పరిహాసముగ ప్రసిద్ధికెక్కినది. ఆ ఘట్టమున జరుగుచున్నదానిని తామును సరిగ గ్రహింపలేదని డెనిస్ రిచీ తరువాతి కాలమున ఒప్పుకొనెను. కెర్నెల్ నిర్మాణమున గడ్డుచోటు ఇదియే. టీకాకారుడు దీనిని దాటవేయక పాఠకుని చేయిపట్టి నడిపించుటలో అతని యోగ్యత తెలియును.

కాని ఈ పుస్తకముల కథ అంత సుఖముగ సాగలేదు. 1979లో వెలువడిన యూనిక్సు ఏడవ కూర్పు యొక్క అనుమతిపత్రములో మూలమును తరగతిలో పాఠముగ చెప్పరాదను నిబంధన చేర్చబడెను. లయన్సు పుస్తకములు ఫోటో ప్రతులుగ చేతినుండి చేతికి మారినవి. ప్రతికి ప్రతి తీయగ తీయగ అక్షరములు మాసిన వానినే ఒక తరము వారు చదువుకొనిరి. 1996లో గాని అవి బహిరంగముగ ముద్రితములు కాలేదు. రెండు సంవత్సరములకు, 1998లో, లయన్స్ మరణించెను. ఒక విద్యకు మూలగ్రంథమును చదువు హక్కు లేకపోయినచో శిక్షణ ఏ గతి పట్టునో తెలియుటకు ఈ పదునేడు సంవత్సరములే సాక్ష్యము.

ఆ నిషేధము నుండియే మరియొక గ్రంథము పుట్టుట విశేషము. ఆమ్‌స్టర్‌డామ్‌లోని వ్రయె విశ్వవిద్యాలయమున అధ్యాపకుడైన ఆండ్రూ టానెన్‌బామ్, తరగతిలో చూపుటకు మూలము లేకపోగా, మినిక్సు అను సిస్టమును తానే వ్రాసి 1987లో పాఠ్యగ్రంథముతో పాటు ప్రకటించెను. హెల్సింకి విద్యార్థి లీనస్ టోర్వాల్డ్సు ఆ మినిక్సుపై పనిచేయుచునే 1991లో లినక్సుకు శ్రీకారము చుట్టెను. నేడు ఇంటింటి టెలివిజనులలోను ఇంటర్నెట్టు పెట్టెలలోను నున్నది ఆ లినక్సే. వీరికి ముందే, 1984లో, అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయము నుండి డగ్లస్ కోమర్ క్సిను అను చిన్న సిస్టమును అంచెలంచెలుగ కట్టిచూపు గ్రంథమును వెలువరించెను. కోమరు పద్ధతి ఇల్లు కట్టువాని పద్ధతి: పునాది, దానిపై గోడ, దానిపై దూలము. టానెన్‌బాముది ఇల్లు చూపువాని పద్ధతి. శైలిలో టానెన్‌బామునకు చమత్కారమెక్కువ. బోధనలో కోమరు ముందడుగు అనవలసియున్నది, ఏలయన అతని పుస్తకమున ప్రతి యధ్యాయాంతమునకు సిస్టము మరికొంత బ్రతికియుండును.

ఐనను వీరెవ్వరును యంత్రగర్భ సిస్టములనే ప్రధానముగ తలపెట్టినవారు కారు. కాలనియమమే ప్రాణమైన కెర్నెలును మూలముతో, టీకతో ప్రకటించి ప్రచారమొందిన గ్రంథము జాన్ లబ్రోస్ రచించిన మైక్రో-సి-ఓఎస్. 1992లో ఒక వృత్తి పత్రికలో వ్యాసములుగ వెలువడి, అదే సంవత్సరము పుస్తకమైనది. దాని రెండవ రూపము 1998లో వచ్చినది. ఈ విమర్శలో దీనికి ఎక్కువ తావిచ్చుట న్యాయము, ఏలయన పాఠశాలకును కర్మాగారమునకును నడుమ వంతెన కట్టిన గ్రంథము ఇదియే.

ఇందలి రచనాగుణమునకు ఒక్క ఉదాహరణము చాలును. రెండవ రూపమున కెర్నెల్ 64 పనుల వరకు నడపగలదు, ప్రతి పనికి వేరువేరు ప్రాధాన్య సంఖ్య. సంఖ్య చిన్నదైన ప్రాధాన్యము గొప్పది. ఏ క్షణమునైనను సిద్ధముగ నున్న పనులలో గొప్పదానిని ఎన్నుట ఎట్లు? మొదటినుండి ఒక్కొక్కటియే చూచుకొని పోయినచో ఒకమారు త్వరగ దొరకును, ఒకమారు ఆలస్యముగ దొరకును. కాలనియమము గల యంత్రమునకు ఈ "ఒకమారు" అనునదే శత్రువు. లబ్రోస్ 64 పనులను ఎనిమిదేసి చొప్పున ఎనిమిది వరుసలుగ పేర్చెను. ఏ వరుసలో సిద్ధమైన పని యున్నదో తెలుపుటకొక బైటు, వరుస కొకటి చొప్పున మరి యెనిమిది బైట్లు. ఏ బైటునందైనను వెలుగుచున్న మొదటి బిట్టు ఎన్నవదో ముందుగనే లెక్కించి 256 గడుల పట్టికగ వ్రాసియుంచెను. ఇక ఎన్నిక యనగా పట్టికను రెండుమార్లు చూచుట: మొదట వరుస, పిదప వరుసలోని స్థానము. సిద్ధమైనవి మూడు పనులైనను అరువది పనులైనను పట్టు కాలమొక్కటే.

ఈ ఘట్టమును అతడు చెప్పిన తీరు మెచ్చదగినది. మొదట చిత్రము, తరువాత మూలము, తరువాత ఒక బైటును తీసికొని వ్రేలుపెట్టి లెక్క. విద్యార్థి ఇచ్చట నేర్చుకొనునది పట్టిక కాదు, "కాలమునకు హద్దు" అను భావము. తరువాతి ప్రాసెసర్లలో మొదటి బిట్టును కనుగొను పనికి ఒకే యంత్రాజ్ఞ వచ్చినది. పట్టిక అవసరము తగ్గినది. ఐనను లబ్రోసును చదివినవాడు ఆ యాజ్ఞను చూడగనే దాని ప్రయోజనమును గుర్తించును. చదువనివానికి అది సూచీపత్రములో మరియొక వింత పేరు మాత్రమే.

పనిని మార్చు ఘట్టమును, అనగా యూనిక్సు రచయితలు పాఠకుని వదలివేసినచోటును, లబ్రోస్ దాచలేదు. నడచుచున్న పని యొక్క రిజిస్టర్ల విలువలను దాని స్టాకుపై దింపుట, స్టాకు ఎంతవరకు వచ్చినదో ఆ పని యొక్క చిట్టాలో వ్రాసికొనుట, రానున్న పని చిట్టాను తెరచి దాని స్టాకు నుండి విలువలను ఎత్తుకొనుట, తిరిగి నడచుట. నాలుగు మెట్లు. ఆగిన పనికి తాను ఆగినట్లే తెలియదు. క్రొత్త ప్రాసెసరునకు ఈ కెర్నెలును తరలింపగోరువాడు ఈ నాలుగు మెట్లను ఆ ప్రాసెసరు భాషలో స్వయముగ వ్రాయవలెను. పుస్తకమున దానికొక ప్రత్యేకాధ్యాయమున్నది. గ్రంథమంతటిలో నిజమైన పరీక్ష యదియే. మిగిలిన యధ్యాయములను చదివి తలయూపవచ్చును, దీనిని చేసి చూపవలసియుండును.

ఇక దోషములు. టీక కొన్నిచోట్ల పునరుక్తిభారముతో నడచును. క్యూను గూర్చి చెప్పిన మాటలే మెయిల్‌బాక్సును గూర్చియు వచ్చును. విషయము తేలికైనపుడు విస్తరించి, పరీక్షించు విధానమును గూర్చి మాత్రము మితభాషియగుట మరియొక లోపము. పరీక్షింపని కెర్నెలు చదువుటకే గాని వాడుటకు పనికిరాదు. మూలమును చదువుటకును విద్యాబోధకును ఉచితముగ నిచ్చి, అమ్మకపు యంత్రములలో వాడినచో రుసుము చెల్లింపవలెనన్న నియమము రచయిత హక్కు, దానిని దోషముగ నెన్నరాదు. 2020లో ఆ రుసుమును తొలగి మూలము బహిరంగమైనది. కాని 2009లో వచ్చిన మూడవ రూపమునకు వ్రాసిన పుస్తకములను ఒక్కొక్క కంపెనీ పలక కొక్కొక్క కూర్పుగ విడదీయుట మాత్రము విచారింపదగినది. పుస్తకమున సగము ఆ పలకకు అంకితమైనచో, పలక అంగడి నుండి తొలగిననాడు ఆ సగము పాతదగును. శాశ్వతమైన దానిని నశ్వరమైన దానితో ముడివేయుట బోధకునికి తగదు.

ఇచ్చట పనిముట్ల ప్రసంగము వచ్చును. యంత్రగర్భ సిస్టమును నిర్మించువానికి కంపైలరు కాక డిబగ్గరు కావలెను. దానికి తెరపై ఏమియు చూపు శక్తి లేదు గనుక బయటినుండి లోనికి చూచు దారి కావలెను. పూర్వము ప్రాసెసరును ఊడదీసి ఆ స్థానమున కేబులు తగిలించి, బల్లపై నున్న పెద్ద యంత్రమే ప్రాసెసరుగ నటించు ఏర్పాటుండెను. అది మిక్కిలి వ్యయసాధ్యము. 1990లో ప్రమాణమైన జేటాగ్ అను పద్ధతి నిజమునకు పలకపై అతుకులు సరిగ నున్నవా యని పరీక్షించుటకు పుట్టినది. పిదప అదే డిబగ్గరు ప్రవేశించు ద్వారమైనది. నేడు చిన్న పరికరముతో విద్యార్థియు ప్రాసెసరును మధ్యలో ఆపి రిజిస్టర్లను చూడగలడు. 2003లో ఫాబ్రీస్ బెల్లార్ వెలువరించిన క్యూఈఎమ్‌యూ వలన పలకయే లేకుండ కంప్యూటరులోనే అనుకరణము సాధ్యమైనది. పేదవిద్యార్థికి ఇది గొప్ప మేలు.

కాని పనిముట్లను బోధించు పుస్తకములు ఈ పనిముట్ల హద్దును చెప్పుటలో వెనుకాడుచున్నవి. ఏ బొమ్మను నొక్కవలెనో, ఏ కిటికీ తెరచుకొనునో చూపు పుటలే పుటలుగ నిండియుండును. పనిముట్టు రూపు మారగనే ఆ పుటలు వృథా. వానిలో అరుదుగ కనబడు మాట యొకటి కలదు. ప్రోగ్రామును మధ్యలో ఆపినచో బయటి లోకము ఆగదు. మోటారు తిరుగుచునే యుండును, అవతలి పరికరము జవాబుకై వేచి విసిగి సంబంధము త్రెంచుకొనును. కాలదోషమును వెదకుటకు కాలమును ఆపుట, జ్వరమును కొలుచుటకు రోగిని మంచునీట ముంచుట వంటిది. అందుచేతనే అనుభవజ్ఞులు ఇంటరప్టు ప్రవేశమున ప్రాసెసరు కాలొకదానిని పైకెత్తి నిష్క్రమణమున దింపి, దానిని ఆసిలోస్కోపుతో కొలుతురు. క్యూఈఎమ్‌యూ కూడ కాలమును యథాతథముగ అనుకరింపదు. అచ్చట సరిగ నడచినది పలకపై సకాలమున నడచునని హామీ లేదు.

పనిముట్టు, జ్ఞానము, ఈ రెండింటి సంబంధమును చూపు ఘటనలు రెండు ఈ వృత్తిచరిత్రలో కలవు. 1997 జూలై 4న మార్స్ పాత్‌ఫైండరు అంగారక గ్రహముపై దిగినది. వాతావరణ వివరములను సేకరింప మొదలిడిన కొలది దినములకు దాని కంప్యూటరు తనంత తానే మరల మరల మొదటికి పోసాగెను. అందలి ఆపరేటింగ్ సిస్టము వీఎక్స్‌వర్క్స్. కారణమును గ్రహించుటకు రైలు పోలిక చాలును. ఒంటిదారిపై పోవు బండికి స్టేషను మాస్టరు టోకెను ఇచ్చును. టోకెను లేనిది మరియొక బండి ఆ దారిలో కాలిడరాదు. రెండు పనులు ఒకే సమాచారమును ముట్టకుండుటకు సెమఫోరు అను పేర ఇట్టి టోకెనే వాడబడును. పాత్‌ఫైండరులో తక్కువ ప్రాధాన్యము గల వాతావరణపు పని టోకెను చేతబట్టుకొని యుండగా, మిక్కిలి ప్రాధాన్యము గల సమాచార వితరణపు పని దానికై వేచియుండెను. ఇంతలో మధ్యమ ప్రాధాన్యము గల పనులు వచ్చి చిన్నపనిని ప్రక్కకు నెట్టినవి. గూడ్సుబండి టోకెనుతో దారిలో నిలిచిపోగా, పాసింజరు బండ్లు సాగిపోవుచుండగా, మెయిలు స్టేషనులో పడియుండినట్లైనది. ముఖ్యమైన పని గడువులోపల ముగియకపోవుటను చూచి కాపలా ప్రోగ్రాము సిస్టమును మొదటికి పంపెను. దీనినే ప్రాధాన్య విపర్యయమందురు.

పాసడీనాలోని ఇంజనీర్లు భూమిపై నున్న ప్రతిరూపమున, జరిగిన ఘటనల క్రమమును నమోదుచేయు పనిముట్టును నడిపి, దోషమును పునరావృత్తము చేయించి పట్టుకొనిరి. టోకెను గలవాడు తాత్కాలికముగ వేచియున్నవాని ప్రాధాన్యమును పొందునట్లు సిస్టములో నొక యెంపిక ముందే కలదు. అది మూసియుండెను. దానిని తెరచి, మార్పును అంగారకమునకు పంపిరి. ఈ పరిహారమునకు శాస్త్రాధారముగ షా, రాజ్‌కుమార్, లెహోజ్కీ అనువారి పరిశోధన 1990లోనే ప్రకటితమైయున్నది. ఇందు గమనింపవలసినది మరొకటి. ఆ సెమఫోరు ఇంజనీర్లు వ్రాసినది కాదు. వారు పిలిచిన ఒక సామాన్య సేవ లోపల, సిస్టము గ్రంథాలయమే దానిని సృష్టించియుండెను. సేవను పిలుచుట మాత్రమే నేర్చినవానికి అట్టి టోకెను ఒకటి కలదనియే తెలియదు. దోషము యాత్రకు పూర్వము కూడ కనబడినది, మరల చూపుమన్న కనబడలేదు. పనిముట్టు ఘటనల వరుసను చూపినది. వరుసకు పేరు పెట్టినది మాత్రము సిస్టము లోపలిని ఎరిగిన బుద్ధి.

రెండవ ఘటన విషాదకరము. థెరాక్-25 అను వికిరణ చికిత్సాయంత్రము 1985 నుండి 1987 వరకు ఆరు ప్రమాదములకు కారణమై రోగులను బలిగొన్నది. దాని కాలనియంత్రణ ప్రోగ్రామును, అందలి చిన్న ఆపరేటింగ్ సిస్టముతో సహా, పీడీపీ-11 యంత్రభాషలో ఒకే వ్యక్తి వ్రాసెను. లయన్సు విద్యార్థులు చదివిన యూనిక్సు కూడ ఆ వంశపు యంత్రముపైననే నడచినది. థెరాకులో ఒక బైటు, సున్న కానిచో "పరీక్ష జరుపుము" అని తెలుపు గుర్తు. దానిలో స్థిరమైన విలువ నుంచుటకు మారుగ, ప్రతి పర్యాయము ఒకటి కలుపుచుండిరి. ఎనిమిది బిట్ల బైటు 255 తరువాత సున్నయగును. కావున 256 పర్యాయములకు ఒకమారు పరీక్ష తప్పిపోవును. ఆ క్షణముననే యంత్రకర్త మీటను నొక్కినచో రక్షణ లేదు. 1987 జనవరిలో అట్లే జరిగినది. ఇట్టిచోట డిబగ్గరుతో ఎన్నిమార్లు ఆపి చూచినను 255 మార్లు అంతయు సవ్యముగనే కనబడును. మూలమును మరియొకరు టీకాకారుని కంటితో చదివియున్నచో, "ఇచ్చట కలుపుట యేల, ఉంచుట చాలదా" అని ఒక ప్రశ్న పుట్టెడిది. నాన్సీ లెవెసన్, క్లార్క్ టర్నర్ అనువారు 1993లో ప్రకటించిన ఈ ప్రమాదముల విచారణను ఈ వృత్తిలోని ప్రతి పాఠ్యక్రమమునకు ప్రథమ పాఠముగ నుంచదగును. పాఠ్యగ్రంథముగ వ్రాయబడకపోయినను, పాఠ్యగ్రంథములలో పెక్కింటికంటె అది యెక్కువ నేర్పును.

నేటి శిక్షణకు వత్తము. రిచర్డ్ బారీ 2003లో వెలువరించిన ఫ్రీఆర్‌టీఓఎస్ నేడు మిక్కిలి వ్యాప్తిలో నున్న చిన్న కెర్నెళ్లలో నొకటి. 2017 నుండి అమెజాన్ దానిని పోషించుచున్నది. దాని యంతర్భాగము ముఖ్యముగ మూడు ఫైళ్లలో నిమిడియున్నది: పనులు, క్యూలు, జాబితాలు. మూలము ఉచితము, వ్యాఖ్యలు పుష్కలము. బారీ వ్రాసిన మార్గదర్శిని స్పష్టమైన శైలిలో, చిన్న చిన్న ఉదాహరణములతో, కాలరేఖల చిత్రములతో సాగును. ఉపయోగించువానికి అంతకంటె మంచి పుస్తకము చూపుట కష్టము. కాని అది ఉపయోగించువాని కొరకే వ్రాయబడినది. మూడు ఫైళ్ల గుమ్మము వరకు పాఠకుని తీసికొనిపోయి అచ్చట నమస్కరించి మరలును. ఇది రచయిత దోషము కాదు, అతడు చెప్పదలచినది అంతయే. దోషము దానినే సమగ్ర శిక్షణగ భావించు పాఠ్యక్రమములది.

మన దేశమున సీడాక్ సంస్థ పూనా, బెంగుళూరు, హైదరాబాదు మొదలగు కేంద్రములలో ఎంబెడెడ్ సిస్టముల నిర్మాణమున స్నాతకోత్తర డిప్లొమా నడుపుచున్నది. సుమారు ఆరునెలల చదువు. సీ భాష, మైక్రోకంట్రోలర్లు, లినక్సు డ్రైవర్లు, కాలనియమ సిస్టములు అన్నియు అందులోనే. ఉద్యోగార్థికి ఆరునెలలలో ఇన్ని రుచులు చూపుట మెచ్చదగినదే, కాని ఒక కెర్నెలును తుదిముట్ట చదువుటకు అందు వ్యవధి దొరకుట దుర్లభము. ఈ కొరతను పాఠశాల తీర్చలేదు, పుస్తకమే తీర్చవలెను. నేటి కెర్నెళ్లు కోట్ల పంక్తులకు పెరిగినవి, వానినెవ్వరు చదువగలరు అని ఆక్షేపించువారున్నారు. లినక్సు విషయమున ఆ మాట నిజము. యంత్రగర్భపు చిన్న కెర్నెళ్ల విషయమున నిజము కాదు. అవి నేటికిని లయన్సు గీచిన హద్దుకు దగ్గరనే యున్నవి. చదువక విడుచుటకు పరిమాణము నెపము కాజాలదు.

మూలము, టీక అను సంప్రదాయము పూర్తిగ అంతరింపలేదు. అమెరికాలోని ఎమ్ఐటీ అధ్యాపకులు 2006లో, లయన్సు చదివించిన యూనిక్సు ఆరవ కూర్పునే క్రొత్త సీ భాషలో తిరిగి వ్రాసి ఎక్స్‌వీ6 అను పేర విద్యార్థులకిచ్చిరి. మూలమొక పుస్తకము, వ్యాఖ్య మరియొక పుస్తకము, అదే పాత అమరిక. కాలనియమము దాని లక్ష్యము కాదు గనుక యంత్రగర్భ విద్యార్థికి అది యొక్కటియే చాలదు. లబ్రోసు పట్టికను దాని ప్రక్కన నుంచుకొని చదువవలెను. 2019లో వారు దానిని రిస్క్-ఫైవ్ అను బహిరంగ ప్రాసెసరు భాషకు మార్చిరి. అదే భాషను అనుసరించి చెన్నపట్టణములోని ఐఐటీ మద్రాసు వారు శక్తి ప్రాసెసర్లను నిర్మించిరి. 2018లో వారి చిప్పుపై లినక్సు నడచినది, ఆ సంవత్సరమే చండీగఢు కర్మాగారమున మరియొకటి తయారైనది. ప్రాసెసరు అమరికయు తెరచియున్నది, కెర్నెలు మూలమును తెరచియున్నది. 

భాషను గూర్చి ఒక మాట. ఈ విద్యకు తెలుగు చాలదని పలుకువారు ప్రాధాన్య విపర్యయము అను పదమును చూడవలెను. సంజ్ఞలను ఇంగ్లీషుననే యుంచి వివరణను తెలుగున వ్రాసినను తప్పులేదు. ప్రతిపదార్థము, తాత్పర్యము, విశేషములు అను మూడంచెల టీకాపద్ధతి మన పండితుల సొత్తు. దానిని 256 గడుల పట్టికకు అన్వయించి చూచినచో పద్ధతి బలము తెలియును. ప్రతిపదార్థమున ఈ పంక్తి ఏమి చేయునో, తాత్పర్యమున ఎందుకు చేయునో, విశేషమున ఎన్ని క్షణభాగములలో చేయునో చెప్పవలెను. ఈ మూడవదానినే ఇంగ్లీషు గ్రంథములును తరచు విడుచుచున్నవి. లబ్రోస్ సేవలకు పట్టు కాలమును పట్టికలుగ ఇచ్చెనే కాని, వానిని ఏ పనిముట్టుతో ఎట్లు కొలువవలెనో విద్యార్థి చేత చేయింపలేదు. పాఠకుడు ఆసిలోస్కోపు ముందు కూర్చుండి, తాను చదివిన నాలుగు మెట్లకు పట్టిన కాలమును తెరపై గీతగ చూచి, పుస్తకమునందలి అంకెతో పోల్చి, తేడా యెందుకు వచ్చినదో మూలమున పంక్తి చూపి చెప్పునట్లు వ్రాయబడిన టీక ఇంకను రావలసియున్నది.